ఫింజాన్ ఊపడం తెలియని ఊళ్ళో

ఆగస్టు నెల, బుధవారం, సాయంత్రం ఆరూ ముప్పావు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ క్షణాన నేను ఒక ఇటలీ ముసలాయన చేతి గడియారాన్ని రెప్ప వేయకుండా చూస్తున్నాను. ఏడింటికి పడవ వస్తుంది. పడవలో మా మామా వస్తుంది (తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కువైట్‌లో పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం, మన మేనమామతో దానికి చుట్టరికం లేదు). ఆమె దిగేలోపు నా ఎదురుగా నిలబడ్డ ఇద్దరు పోలీసులు వెళ్ళిపోతే మర్నాడు నేను పడవెక్కుతాను. వెళ్ళకపోతే, పడవ సంగతి అటుంచి, కువైట్‌లో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. కానీ నిజం చెప్పాలంటే ఆ నిమిషాన నాకు ఉద్యోగం గుర్తుకు రాలేదు. పడవే గుర్తొచ్చింది. మనిషి బుర్ర అలాంటిది.

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. గడియారం ముళ్ళు మాత్రం వచ్చు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు చదువు లేకపోయినా గడుస్తుంది గానీ టైము తెలియకపోతే గడవదు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, కువైట్‌లోని సాల్మియాలో మా పై అంతస్తులో ఉండే గోదావరి నర్సమ్మ పుణ్యమా అని. ఆమే ఈమధ్య నన్ను పట్టుకుంది. "పిన్నిగారూ, ఇటలీ ఎల్లొచ్చానంటారు, ఏం చూశారండీ అంటే కాఫీ పోశానంటారేంటండీ! అదేదో రాసేద్దురూ, మాకూ తెలుస్తాది కదా," అంది. సరే, రాస్తున్నాను. వంకర టింకరగా ఉంటే ఆమెనే తిట్టండి.

మా బాబా, అంటే ఇంటి యజమాని, ప్రతి వేసవికీ కుటుంబాన్ని ఎక్కడికో ఒక చోటికి తీసుకుపోతాడు. ఆ సంవత్సరం ఇటలీ. తోటి కువైటీలంతా అమాల్ఫీలో, పొసిటానోలో, చెప్పుకోవడానికి గొప్పగా ఉండే ఊళ్ళలో దిగుతుంటే, మావాడు సాలెర్నో అనే ఊళ్ళో దిగుదామన్నాడు. సముద్రం ఒడ్డునే ఉంది, రేవూ ఉంది, రైలూ ఉంది, కానీ చూడ్డానికి అక్కడికెవరూ పోరు. "అదే దాని గొప్పతనం," అనేవాడు బాబా, విన్నవాళ్ళకూ విననివాళ్ళకూ. "పొద్దున పడవెక్కితే అమాల్ఫీ. రైలెక్కితే పాంపే. సాయంత్రానికి మళ్ళీ మన ఇల్లు, మన అన్నం. గొప్ప ఊళ్ళలో పడుకుంటే ఏమొస్తుంది, కళ్ళు మూసుకోవడమేగా!" మాట సబబే. కానీ 'మన అన్నం' అన్న దగ్గర అందరూ నావైపు చూశారు. అక్కడ అద్దెకు తీసుకున్న మేడలో మంచి వంటగది ఉందట. నన్నెందుకు తీసుకుపోతున్నారో నాకు అప్పుడే తెలిసిపోయింది.

అయినా నా సంబరం నాది. మా ఇంటి డ్రైవరు పీలేరు తట్టు మనిషి, పెట్టెలు బండిలో ఎక్కిస్తూ మొదలుపెట్టాడు. "ఏంక్కా, ఇటలీకి పోతాండావంటనే! ఆడ పడవలుంటాయంట, కొండల కిందనే పోతాయంట. ఎక్కి రాపో. ఎక్కకుండా వస్తివా, నీ చేతి సంగటి గూడ ముట్టను." "నువ్వు ముట్టకుంటే సంగటి మిగుల్తాదిలేరా, నాకేం బాధ ల్యా," అన్నాను. అన్నానే గానీ, ఆ మాట బుర్రలో మేకులా దిగింది. రాయచోటి పక్కన పుట్టిన నేను నీళ్ళంటే బోరింగు నీళ్ళే అనుకుంటూ పెరిగాను. కువైట్‌లో ఏళ్ళ తరబడి సముద్రం పక్కనే బతికాను, ఒడ్డున చాపలు పరిచాను, గిన్నెలు తోమాను, కానీ నీళ్ళ మీదికి ఒక్క అడుగు వేసింది లేదు. ఒక్కసారి పడవెక్కాలి. అంతే, అదొక్కటే కోరిక.

మామాను అడిగాను. ఆమె చెడ్డది కాదు, తొందర మనిషి. "ఎక్కుదువులే నూర్, చివరి రోజు నిన్నూ తీసుకుపోతాం," అంది (నా పేరు నూర్ కాదు. నాకంటే ముందు పనిచేసినామె పేరు నూర్. మనిషి మారినప్పుడల్లా కొత్త పేరు నేర్చుకునే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు). "కానీ ఒక షరతు. మేం తిరిగే రోజుల్లో పెద్ద మామాను నువ్వు చూసుకోవాలి. ఆమెను మేడ దిగనివ్వకు, మోకాళ్ళు బాగాలేవు. ఆమె వల్ల ఏ గొడవ వచ్చినా నీ పడవ ఖలాస్."

పెద్ద మామా అంటే బాబా తల్లి. ఆమె ఇటలీ రానంటే రానంది. ముందటేడు భర్త పోయాడు, అప్పటినుంచి ఆమెకు ఇల్లు తప్ప ఇంకేమీ పట్టేది కాదు, నవ్వడం కూడా మానేసింది. ఒంటరిగా వదలలేక మూటతో పాటు మూటలా తెచ్చారు. తెచ్చిన పాపానికి ఆమె కువైట్‌ను కూడా వెంట తెచ్చుకుంది. బియ్యం మూట, ఎండు నిమ్మకాయలు, ఖర్జూరాలు, ధూపం వేసే కుంపటి, ఎర్రటి కంబళి, దల్లా, అంటే కొక్కెం మూతి అరబ్బు కాఫీ కూజా, దాని ఆకారంలో ఉండే కాఫీ ఫ్లాస్కు, మసీదు ఆకారంలో ఉండే గడియారం. ఆ గడియారం కువైట్ టైమే చూపించేది. ముల్లు ముట్టుకోనిచ్చేది కాదు. ఇటలీలో ఎండ పెటపెటలాడుతుంటే అది సంధ్యవేళ నమాజుకు పిలిచేది, పెద్ద మామా కిటికీలోంచి సూర్యుణ్ణి చూసి, "వీడికి ఇంటికి పోయే బుద్ధి లేదు," అని తిట్టేది.

అలా మొదటి మూడు నాలుగు రోజులూ వాళ్ళు ఊళ్ళు చూశారు, మేం గోడలు చూశాం. పొద్దున్నే రొట్టెలు చుట్టి ఇస్తే బాబా, మామా, ముగ్గురు పిల్లలూ పోయేవాళ్ళు. నేను కింద కొట్టుకు పోయి టమేటాలు తెచ్చుకునేదాన్ని. తిరిగి ఇల్లు ఎలా గుర్తుపట్టేదాన్నంటే, ఎదురు మేడ మీద ఎప్పుడూ ఒక నల్ల లంగా ఆరేసి ఉండేది, అదే నా బోర్డు (ఎవరో పుణ్యాత్మురాలు ఒకరోజు దాన్ని ఉతకడానికి తీసింది. ఆ రోజు టమేటాలతో ఊరంతా తిరిగాను). సాయంత్రం వాళ్ళొచ్చి, ఒకచోట కాలిపోయిన ఊరు చూశామని, ఇంకోచోట పైకప్పులేని గుళ్ళు చూశామని చెబుతుంటే నేను అన్నం వడ్డిస్తూ వినేదాన్ని. డబ్బు పోసి పాడుబడ్డ ఇళ్ళు చూడ్డానికి పోవడమేంటో నాకర్థం కాలేదు. పడవ గురించి చెప్పినప్పుడు మాత్రం చెవులు నిక్కపొడుచుకునేవి.

ఇక ఆ బుధవారం. మర్నాడే చివరి రోజు, నా పడవ రోజు. మధ్యాహ్నం పెద్ద మామా కిటికీ దగ్గర కూర్చుని కింద సముద్రపు ఒడ్డు చూస్తోంది. ఖర్జూరం చెట్ల వంటి చెట్లు, బెంచీలు, బెంచీల మీద ముసలివాళ్ళు. "నూర్," అంది, "అది మన సాల్మియా సముద్రపు ఒడ్డు, కార్నిష్‌లాగే లేదూ?"

"లేదు పెద్ద మామా," అన్నాను గబుక్కున. ఎటు పోతుందో తెలుసు.

"ఉంది. కంబళి తీయి. గహ్వా కాచు. యల్లా, పద."

"మామా దిగొద్దన్నది."

"ఆమె నా కొడుకు పెళ్ళాం. నేను ఆ కొడుకును కన్నదాన్ని. ఇప్పుడు చెప్పు, ఎవరి మాట పెద్దది?"

ఇది కోర్టులో వేసినా తేలే విషయం కాదు. ఒకరి మాట వింటే ఇంకొకరి కోపం, నాకు మాత్రం రెండు వైపులా చావే. ఏడింటిలోపు తిరిగి పైకి తెచ్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. గహ్వా కాచాను, అంటే ఏలకులూ కుంకుమపువ్వూ వేసిన పచ్చటి కాఫీ, పాలుండవు, చక్కెర ఉండదు. ఆమెను మెట్టు మెట్టుగా దించి, ఒడ్డున చెట్ల కింద ఎర్ర కంబళి పరిచాను. చెప్పులు బయట విడిచాం, దిండు పెట్టాను, ఖర్జూరాల పళ్ళెం మధ్యలో పెట్టాను. కువైట్‌లో ఏ శుక్రవారమైనా ఒడ్డున ఇలాంటి కంబళ్ళు వందలుంటాయి, ఎవరూ తలతిప్పి చూడరు. ఇక్కడ అందరూ చూశారు. పెద్ద మామా ఏమనుకుందో తెలుసా? చూస్తున్నారంటే పిలుపు కోసం చూస్తున్నారనుకుంది! గుమ్మం ముందుకొచ్చిన మనిషిని గహ్వా తాగమనకుండా పంపడం ఆమె వంశంలో లేదట. కంబళి అంచే ఆమె గుమ్మం.

ఎదురు బెంచీ మీద ఒక ముసలి జంట ఉంది. ఆయనకు గడ్డి టోపీ, ఆమెకు చేతిలో విసనకర్ర. పెద్ద మామా చేయి ఊపి పిలిచింది. టోపీ తాత ముందు అటూ ఇటూ చూసుకున్నాడు, తర్వాత భార్య చెయ్యి పట్టుకుని వచ్చి కంబళి అంచున కూర్చున్నాడు. కువైట్‌లో అయితే పరాయి మగాణ్ణి ఆమె ఎదుట కూర్చోనిచ్చేదే కాదు. భార్యతో వచ్చాడు కాబట్టి అతిథి కింద జమకట్టింది. మాకు పక్కనే నేల మీద దుప్పటి పరిచి సంచులు అమ్ముకునే మొరాకో మనిషి ఉన్నాడు. అతని అరబ్బీ వేరు, ఈమె అరబ్బీ వేరు, అయినా సగం సగం అర్థమయ్యేది. అతను కొంచెం ఇటలీ భాషలోకి తిప్పాడు. పరిచయాలయ్యాయి. నేను ఎడమ చేత్తో దల్లా పట్టుకుని, కుడి చేత్తో ఫింజాన్ అందించాను. ఫింజాన్ అంటే పిడి లేని బుల్లి కప్పు, రెండు గుక్కల కాఫీ పడుతుంది.

దీనికో పద్ధతుంది. అతిథి తాగేసి ఖాళీ ఫింజాన్ ఊరికే చాపితే ఇంకా కావాలని అర్థం, పోయాలి. చాలనుకుంటే వేళ్ళతో దాన్ని అటూ ఇటూ ఊపాలి. ఊపనిదే పోయడం ఆపకూడదు. ఆపితే ఇంటికి తలవంపులు. నేను కువైట్‌కు వచ్చిన కొత్తలో ఒకసారి ఆపి, చుట్టాలందరి ముందూ పెద్ద మామా చేత చీవాట్లు తిన్నదాన్ని. అందుకే ఆ విషయంలో నేను సిపాయిని.

టోపీ తాత తాగాడు. మొహం కొంచెం అదోలా పెట్టాడు (వాళ్ళ కాఫీ తారులా నల్లగా ఉంటుంది, ఇది చూసి కాఫీ అని నమ్మడం కష్టమే). మర్యాదస్తుడు కనుక నవ్వి, ఖాళీ ఫింజాన్ నాకు తిరిగివ్వబోయాడు. చాపాడు. పోశాను. ఆయన పెద్ద మామాను చూసి తల వంచి, తాగి, మళ్ళీ ఇచ్చాడు. పోశాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. పోశాను. భార్య ఆయన డొక్కలో పొడిచింది. ఆయనకు చెమట పట్టింది. పెద్ద మామా నాతో మెల్లగా, "చూశావా, మనిషంటే ఇతను. ఎంత ఇష్టంగా తాగుతున్నాడో! పొయ్యి," అంది. చుట్టూ ముసలివాళ్ళు పోగయ్యారు. ప్రతి ఫింజాన్‌కూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఇదేదో పందెమనుకున్నారో ఏమో! మొరాకో మనిషి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడే గానీ, ఆ ఊపే రహస్యం ఆయనకు చెప్పలేదు, తర్వాత అడిగితే వాళ్ళ దేశంలో ఈ ఊపడం లేదన్నాడు. చివరికి టోపీ తాత చేతులు వణికి ఫింజాన్ దానంతటదే ఊగింది. నేను ఆపాను. పెద్ద మామా తల వెనక్కి వాల్చి నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. ఆ నవ్వు విని ఏడాది దాటింది.

గుంపు చూసే పోలీసులు వచ్చారు. ఒక ఆడ, ఒక మగ. దూరంగా వాళ్ళ టోపీలు కనబడగానే పర్మిటు లేకుండా ఒడ్డున దుప్పట్లు పరిచిన అమ్మకందార్లంతా నాలుగు కొసలూ లాగి మూటలు భుజానేసుకుని మాయమయ్యారు. మా మొరాకో మనిషి నవ్వులో ఉండి ఆలస్యం చేశాడు. పరిగెత్తే టైము లేదు. సంచుల మూటను పెద్ద మామా వెనక పడేసి, "అమ్మా, నీ నీడ!" అని తాను మాత్రం పరుగు లంకించుకున్నాడు.  ఆమె పైన కప్పుకున్న నల్ల అబాయా విప్పి, కోడి రెక్కలు చాపినట్టు చాపి, మూట మీద కప్పేసి దిండుకు ఆనుకుంది. ఒడ్డు మొత్తం మీద మిగిలిన దుప్పటి మాదొక్కటే. పైగా అదే సమయానికి విసనకర్ర అవ్వ కాఫీకి మర్యాద చేయబోయి చిల్లర తీసింది, పెద్ద మామా ఆ చేతిని తోసేస్తోంది. చూసేవాళ్ళకు బేరమాడుతున్నట్టే ఉంది కదా!

అప్పుడే టోపీ తాత గడియారం చూశాను. ఆరూ ముప్పావు.

ఆడ పోలీసు కాగితాలు అడిగింది, చేతులతో చూపించి. మా పాస్‌పోర్టులన్నీ బాబా దగ్గర, బాబా పడవలో. నా దగ్గరున్న కువైట్ కార్డు ఇచ్చాను. ఆమె దాన్ని ముందూ వెనకా తిప్పింది, తలకిందులుగా కూడా చూసింది (అప్పుడు నాకు కాస్త ఊరట కలిగింది, చదవడం రానివాళ్ళం ఇద్దరమయ్యాం). తర్వాత అబాయా కింద ఉబ్బెత్తుగా ఉన్న మూట వైపు చూపించింది. పెద్ద మామా తన రొమ్ము తట్టుకుని, "నావి," అంది. "అన్నీ నావే. నాకు సంచులంటే ఇష్టం." ఆడ పోలీసుకు అరబ్బీ రాదు, కానీ ఆ కళ్ళు చూస్తే ఏ భాషైనా అర్థమవుతుంది.

"పెద్ద మామా," అన్నాను ఏడుపు గొంతుతో, "ఇచ్చేయండి. ఏడవుతోంది. మామా వస్తుంది."

"నా కంబళి మీదికి నీడ కోసం వచ్చినవాణ్ణి అప్పజెప్పమంటావా?"

"మనిషి పారిపోయాడు, మూటే కదా ఉంది!"

"మూటకు మాత్రం నీడ వద్దా? ముందు వాళ్ళకు గహ్వా పొయ్యి."

పోశాను. ఆడ పోలీసు తాగకుండా కింద పెట్టింది. మళ్ళీ కొత్త చిక్కు! అరబ్బుల్లో అతిథి గహ్వా తాగకుండా కింద పెట్టాడంటే ఏదో కోరిక కోరడానికి వచ్చాడని, ముందు మాటిస్తేనే తాగుతాడని లెక్క. పెద్ద మామా సర్దుకుని కూర్చుని, చాలా గంభీరంగా, "నీ కోరిక తీరింది బిడ్డా, తాగు," అంది. ఏ కోరికో ఆ పిల్లకే తెలియదు. ఇంతలో కడుపునిండా కాఫీ ఎక్కిన టోపీ తాత లేచాడు. ఆయన రెండు చేతులూ గాలిలో తిప్పుతూ పోలీసుల మీద విరుచుకుపడ్డాడు. మిగతా ముసలివాళ్ళూ అందుకున్నారు. అంత కాఫీ తాగిన మనిషిని ఏ పోలీసు ఆపగలడు! ఆయన వెనకాల రేవు వైపు పడవ కూత వేసింది. నా ప్రాణం అక్కడే పోయింది.

బాబా పరిగెత్తుకొచ్చాడు, వెనకాల మామా, పిల్లలు. ఇంగ్లీషు వచ్చిన పెద్దపిల్ల, కొంచెం ఇంగ్లీషు వచ్చిన మగ పోలీసుతో మాట్లాడింది. ఏమీ అమ్మడం లేదని, ఇది మా నానమ్మ ఆడే చుట్టాలాట వంటిదని చెప్పిందట. బాబా పాస్‌పోర్టులు చూపించాడు. "అమ్మా, ఈ మూటేంటి?" అని అడిగితే, "కొనుక్కున్నాను. నీకేం కష్టం?" అంది. మగ పోలీసు నవ్వు ఆపుకోలేక ఫింజాన్ అందుకున్నాడు. తాగి ఇవ్వబోయాడు. ఈసారి నేను పోయలేదు. ఆయన మణికట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపించాను. చుట్టూ ఉన్న ముసలివాళ్ళంతా ఒక్కసారి "ఆఁ" అన్నారు. టోపీ తాత నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. ఇంత సులువా అన్నట్టు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు పాపం.

పోలీసులు మూట జోలికి పోకుండానే పోయారు. మామా మాత్రం పోదుగా. "నూర్! నేనేం చెప్పాను? మేడ దించొద్దన్నాను. పోలీసులు వచ్చారు! ఖలాస్, రేపు నీ పడవ లేదు." నేను తల వంచుకుని ఫింజాన్లు ఏరుకుంటున్నాను. కళ్ళలో నీళ్ళు కనబడకూడదని ఏరిందే మళ్ళీ ఏరుతున్నాను. నా వయసు ముప్పై దాటింది, పడవ కోసం ఏడ్చే వయసా అది!

"ఏ పడవ?" అంది పెద్ద మామా. ఆమెకు ఆ ఒప్పందం తెలియదు. పెద్దపిల్ల చెప్పింది. పెద్ద మామా నావైపు చూసింది. "నన్ను కాపలా కాస్తే పడవ ఎక్కిస్తానన్నారా? నేనేమైనా పారిపోయే మేకనా?" అని కోడలి వైపు తిరిగింది. "రేపు ఇది పడవెక్కుతుంది. నేను ఇక్కడ కూర్చుంటాను."

"ఒక్కదానివే ఎలా కూర్చుంటావు?" అన్నాడు బాబా.

"ఒక్కదాన్నా? కళ్ళు లేవా నీకు?" అని చుట్టూ చూపించింది. విసనకర్ర అవ్వ ఆమె పక్కనే చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. బాబా తల్లి మొహం చూశాడు. అప్పటికీ ఆమె నవ్వుతూనే ఉంది. "సరే," అన్నాడు. మామా కూడా ఆ నవ్వునే చూసింది, వంగి ఖర్జూరాల పళ్ళెం అందుకుంది.

మర్నాడు పడవెక్కాను. ఒడిలో చంటాణ్ణి పెట్టారు, కాళ్ళ దగ్గర రొట్టెల సంచి పెట్టారు, అయినా పడవ పడవే.  అందరూ ముందుకు తిరిగి అమాల్ఫీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే, నేను చంటాణ్ణి ఎత్తుకుని వెనక్కి తిరిగాను. అప్పుడు కనబడింది సాలెర్నో. కొండ మీద కోట ఉంది, అన్ని రోజులూ దాని కిందే వంట చేస్తున్నా నాకు తెలియనే తెలియదు. కొండ దిగుతూ మెట్లు మెట్లుగా ఇళ్ళు, కింద వరసగా చెట్లు, ఆ చెట్ల కింద బొట్టంత ఎర్రగా మా కంబళి. దాని చుట్టూ చుక్కల్లా మనుషులు. ఇంత అందమైన ఊరిని వదిలి వీళ్ళు రోజూ ఎటు పోతున్నారా అనిపించింది. అమాల్ఫీ చూశాను. పెద్ద చర్చీకి బోలెడన్ని మెట్లున్నాయి, చంటాడు ప్రతి మెట్టు మీదా ఏడ్చాడు. అంతే గుర్తుంది. సాయంత్రం దాకా నా మనసంతా దల్లా ఎవరు పోస్తున్నారో, అవతలివాళ్ళకు ఊపడం గుర్తుందో లేదో అన్న దాని మీదే. పడవ కోసం అంత ఏడ్చిన ఆ మనిషిని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగా కూడా అనిపిస్తుంది.

పెద్ద మామా ఇప్పుడు లేదు. చివరిదాకా ఆ ఒడ్డు గురించే చెప్పేది, ఇటలీలో ఇంకే ఊరు ఉందో ఆమెకు తెలియదు, అక్కర్లేదు కూడా. ఎవరెవరున్నారో మరిచిపోకుండా, అక్షరాలు వచ్చాయి కనుక, రాసి పెడుతున్నాను. ఆ బుధవారం సాయంత్రం ఆ కంబళి దగ్గర ఉన్నవాళ్ళు: టోపీ తాత, విసనకర్ర అవ్వ, పేర్లు తెలియని బెంచీల ముసలివాళ్ళు, చీకటి పడ్డాక వచ్చి పెద్ద మామా నుదుటిని ముద్దాడి మూట తీసుకుపోయిన మొరాకో మనిషి, గహ్వా తాగని ఆడ పోలీసు, తాగిన మగ పోలీసు, బాబా, మామా, ఇంగ్లీషు వచ్చిన పెద్దపిల్ల, నిద్రలో ఉన్న నడిపివాడు, చంటాడు, మధ్యలో నవ్వుతూ మా పెద్ద మామా, ఆమె పక్కన దల్లా పట్టుకుని, నూర్ అంటే పలికే నేను.